బొట్టు పెట్టిన మోటారు

గాజు గ్లాసులో టీ పోసుకుని, దాన్ని గుడిసె ముందున్న రాతిమీద పెట్టి, చిన్నపోలయ్య ఫోను తీసి దానికి ఎదురుగా పట్టుకున్నాడు. తెరమీద గ్లాసు పసుపుపచ్చగా వెలిగింది. ఇంకా ముట్టుకోకూడదన్నమాట. గొంతుక్కూర్చుని కాసేపు రొయ్యల గుంటవైపు చూసి, మళ్ళీ ఫోను ఎత్తాడు. పసుపు నారింజ అయింది. నారింజ ఎర్రబడింది. ఎరుపు వంకాయరంగులోకి దిగాక గ్లాసు అందుకుని తాగాడు. అప్పటికి టీ చల్లారి చప్పబడిపోయింది. ఏం ఫర్వాలేదు, చెయ్యి కాలలేదు, అతనికి కావలసింది అదే.

ఫోను కిందివైపు, చార్జింగు తీగ గుచ్చేచోట, అగ్గిపెట్టెలో సగం కూడా లేని నల్లటి బిళ్ళ ఒకటి తగిలించి ఉంటుంది. దాని మధ్యన చిన్న కన్ను. మామూలు కెమెరా వెలుతురును చూస్తే, ఇది వేడిని చూస్తుంది. వేడిగా ఉన్నవి తెల్లగా, పసుపుగా కనిపిస్తాయి. చల్లగా ఉన్నవి నీలంగా, నల్లగా. ఒకప్పుడు పెద్ద కంపెనీల ఇంజనీర్ల దగ్గర తప్ప కనపడని సరుకు. ధర దిగి దిగి ఇప్పుడు అల్లూరు దాటాక వచ్చే రొయ్యల గుంటల గట్టుమీద, చిన్నపోలయ్య లుంగీ మడతలో పడింది. పోయిన పంటకు ఒక మోటారు చెప్పాపెట్టకుండా కాలిపోయి, తెల్లారేసరికి గుంటలో సగం రొయ్య తేలిపోయింది. ఆ దెబ్బతో యజమాని కిషోర్ బాబు నెల్లూరు వెళ్ళి దీన్ని కొనుక్కొచ్చి, పోలయ్య ఫోనుకు తగిలించి ఇచ్చాడు.

రొయ్య సముద్రంలో పుట్టిన జీవి. దాన్ని తెచ్చి గుంటలో పెట్టినవాళ్ళు దానికి గాలి కూడా తామే పెట్టాలి. గట్టుమీద మోటారు, మోటారు నుంచి నీళ్ళలోకి పొడుగాటి ఇనపకడ్డీ, కడ్డీ పొడవునా చక్రాలు. అవి నీళ్ళను చిలుకుతూ ఉండాలి. ఏ మోటారైనా వేడెక్కుతుంటే కాలిపోకముందే కనిపెట్టి ఆపి, పక్కదాన్ని వెయ్యాలి. చిన్నపోలయ్య పని అదే. గుంటల మీద ఈ పని చేసేవాళ్ళంతా చెయ్యి వేసి చూస్తారు. అరచెయ్యి మోటారుకు ఆనించి ఒకటి, రెండు, మూడు అనేదాకా ఉంచగలిగితే మోటారు బాగున్నట్టు. ముందే లాగేసుకుంటే ఆపేయాల్సిందే. దానికి చదువూ అక్కర్లేదు, యంత్రమూ అక్కర్లేదు, దేవుడిచ్చిన చెయ్యి చాలు.

చిన్నపోలయ్యకు లేనిది ఆ చెయ్యే. చూడ్డానికి ఉంది, మెలితిరిగిన నరాలతో, మోకు ఒరిసిన గీతలతో పెద్ద చెయ్యి. షుగరు వచ్చాక ముందు పాదాలు మొద్దుబారాయి, తరువాత వేళ్ళు, ఆ తరువాత అరచేతులు. వేడికీ చల్లదనానికీ తేడా తెలియడం మానేసింది. గుండీ పెట్టుకోవాలన్నా వేళ్ళవంక చూసుకుంటూ పెట్టుకోవాలి. ఈ సంగతి గట్టుమీద ఒక్కరికీ తెలియదు. తెలిసిన రోజున ఈ గుడిసె, ఈ గట్టు, ఈ పని అన్నీ పోతాయి. ఆ భయం అతనికి ఉత్తుత్తిగా పుట్టినది కాదు, ఒకసారి అయినదే.

అంతకుముందు అతను సముద్రం మీద బతికినవాడు. పట్టపోళ్ళ పాళెంలో పుట్టి, నడక వచ్చినప్పుడే పడవ ఎక్కినవాడు. వల లాగేటప్పుడు మోకు చేతిలో ఎలా బిగుస్తున్నదో దాన్నిబట్టి చేప ఎంత పడిందో చెప్పేవాళ్ళు పాళెంలో అందరూ, అతనూ చెప్పేవాడు. ఒకరోజు మోకు జారి అతని అరచేతుల్లోంచి కోసుకుంటూ పోయింది. అతనికి తెలియలేదు. పడవ అడుగున నెత్తురు చూసి ఎదురుగా ఉన్న పోలేరయ్య లాగడం ఆపేశాడు. ఒడ్డుకొచ్చాక చేతికి గుడ్డ కట్టారు, అతని పాలు చేప అతనికి ఇచ్చారు. మర్నాడు అతణ్ణి లేపకుండానే పడవ తోసుకుపోయారు. మోకు తెలియని చెయ్యి పడవలో ఉంటే అందరి ప్రాణాలకూ ముప్పు, వాళ్ళ తప్పేం లేదు. చిన్నపోలయ్య ఆ మాట తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

అప్పటికి భార్య అంకాలమ్మ ఇంకా ఉంది. స్నానానికి నీళ్ళు తోడి, తన మోచెయ్యి ముంచి చూసి, పోసుకోమనేది. ఆమె పోయింది. పిల్లలు లేరు. పాళెం వదిలి ఇటు గుంటల మీదికి వచ్చాడు. వచ్చిన కొత్తలో మోటారు మీద చెయ్యి వేసి, ఒకటి, రెండు, మూడు అని పెదాలు కదిపి, తల ఊపేవాడు. పక్కగుంట వాళ్ళు చూస్తారుగా మరి. అసలు పని మాత్రం చెవితో, ముక్కుతో నెట్టుకొచ్చేవాడు. మోటారు కాలిపోయినరోజు అతనికి గాలివాన హోరులో చెవి పనిచెయ్యలేదు. కిషోర్ బాబు కరెంటువాళ్ళను తిట్టాడు, వైండింగు చేసినవాణ్ణి తిట్టాడు. చిన్నపోలయ్య తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

అలాంటివాడికి ఈ బిళ్ళ దొరికింది. గుడ్డివాడికి కన్ను దొరికినట్టే. మిగతావాళ్ళకు అది ఆటబొమ్మ. రెండురోజులు చూసి, చెయ్యి వేస్తే తెలిసేదానికి ఫోనెందుకని నవ్వి వదిలేశారు. పక్కగుంట మునెయ్య దాన్ని దిష్టి తీసే ఫోను అనేవాడు. కిషోర్ బాబు మాత్రం గట్టుమీదికి ఎవరొచ్చినా, మా పోలయ్యను చూడండి, ఈ వయసులో ఎంత పట్టుగా నేర్చుకున్నాడో అని చెప్పుకునేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా చిన్నపోలయ్యకు గర్వమూ వేసేది, సిగ్గూ వేసేది.

దాంతో అతను చెయ్యని పని లేదు. స్విచ్చిబోర్డులో ఏ తీగ వేడెక్కుతున్నదో చూసేవాడు. పొయ్యిమీది మసిగిన్నె దించాలా వద్దా చూసుకునేవాడు. బక్కెట్లో నీళ్ళు చూసుకుని పోసుకునేవాడు. రొయ్యలకు మేత చల్లే ఆదిశేషమ్మ ఒకసారి తన కోడి ఎక్కడో గుడ్లు దాస్తోందని గోల పెడితే, మేతబస్తాల వెనక పసుపుపచ్చగా వెలుగుతున్న కోడిని రెండు నిమిషాల్లో చూపించాడు. అయితే పాముని కూడా పట్టొచ్చా అని ఆమె అడిగితే, పాము ఒళ్ళు నేలంత చల్లగానే ఉంటుంది, దానికి ఇది పనికిరాదని చెప్పాడు. ఆదిశేషమ్మ నవ్వింది. ఆమెకు ఇల్లుంది, పిల్లలున్నారు, పొద్దు వాలితే వెళ్ళిపోతుంది. ఆ తరువాత గట్టుమీద చిన్నపోలయ్య, మోటార్ల హోరు, అంతే. ఏమీ తోచనప్పుడు గుంట అవతల వాలిన కొంగల్ని ఫోనులో చూస్తూ కూర్చునేవాడు. నీలంగా కనిపించే లోకంలో ఒక్కో కొంగ ఒక్కో వెచ్చని చుక్క. తన చెయ్యి తెరకు అడ్డం పెడితే మాత్రం వేళ్ళ కొసలు గట్టు మన్ను రంగులోనే ఉండేవి.

ఆవేళ ఆయుధపూజ మర్నాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా పండక్కి ముందు మోటార్లన్నిటికీ వెండిరంగు వేయించాడు కిషోర్ బాబు. కొత్త గిన్నెల్లా తళతళలాడిపోతున్నాయి. ముందురోజు పూజకు ఆయన భార్య కూడా వచ్చి, ఒక్కో మోటారుకూ తానే పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఈశాన్యం మూలకు వచ్చేసరికి కారులో పడుకోబెట్టిన బిడ్డ లేచి ఏడ్చింది. ఆమె పళ్ళెం చిన్నపోలయ్య చేతికిచ్చి, ఆ ఒక్కదానికీ నువ్వు పెట్టేయమని వెళ్ళిపోయింది. అతను వేలికి పసుపు అంటిందో లేదో కళ్ళతో చూసుకుని, మోటారు నుదుటన దిద్దాడు. అంకాలమ్మ పోయాక పసుపు కుంకుమ ముట్టడం అదే మొదలు. కాస్త వంకరగా వచ్చింది. కొంచెం దూరం జరిగి చూసుకుని, బాగానే ఉందిలే అనుకున్నాడు.

తెల్లారేసరికి ఆకాశమంతా మబ్బు పట్టింది. మబ్బు పట్టిన రోజు నీళ్ళలో గాలి తగ్గుతుంది, మోటార్లన్నీ ఆపకుండా తిరగాల్సిందే. టీ తాగి, ఫోను పట్టుకుని చిన్నపోలయ్య గట్టు చుట్టూ బయలుదేరాడు. మొదటి మోటారు తెరమీద నీలంగా కనిపించింది. రెండోదీ అంతే. రోజూ ఎర్రగా ఉండే మోటార్లు ఆకాశం రంగులో ఉన్నాయి. పూజ చేస్తే ఇంత మంచి జరుగుతుందా అని అతనికి ఆశ్చర్యం వేసింది. ఇంకో వింత ఏమిటంటే, నీలంగా ఉన్న మోటారు మధ్యన బొట్టు పెట్టినచోట మాత్రం నారింజరంగు చుక్క. అన్నిటికీ ఉంది. మూలమోటారు దగ్గరికి వచ్చేసరికి అడుగు ఆగిపోయింది. అక్కడ బొట్టు నారింజ కాదు, పసుపు కాదు, తెల్లగా, దీపంలా వెలిగిపోతోంది.

అది తాను పెట్టిన బొట్టు. పుణ్యస్త్రీ పెట్టిన బొట్లకు లేని వెలుగు తన బొట్టుకు వచ్చింది. మొద్దుబారిన వేలితో, వంకరగా పెట్టినా అమ్మవారు వంక పెట్టలేదు, ఆ వేలినే మెచ్చుకుంది. మరి ఇంకేమిటి? చిన్నపోలయ్య ఫోను చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు. కళ్ళు చెమర్చాయి. తనను ఒకరు చూస్తున్నారన్న ధైర్యం అతనికి వచ్చి చాలా కాలమైంది.

మేత తట్టతో వచ్చిన ఆదిశేషమ్మను పిలిచి చూపించాడు. ఆమె తెరవంక చూసి, మోటారువంక చూసి, ముక్కు ఎగబీల్చింది.

"ఏందన్నా, ఏదో మాడతా ఉండే వాసన?"

"కొత్త రంగు కదమ్మే. ఎండకి వాసనొస్తది."

ఎండ ఎక్కడుందని ఆమె ఆకాశంవంక చూసింది. అతను ఫోను చూపించాడు. నీలం. ఫోను చెప్పాక ఇంకేముంది అన్నట్టు ఆమె తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. చిన్నపోలయ్యకు కూడా చెవిలో ఏదో గరగర వినపడుతూనే ఉంది. ఎప్పుడూ చెవిని నమ్మినవాడు, ఆ పూట చెవిని నమ్మలేదు. నిప్పు లేనిదే పొగ రాదని తెలియనివాడు కాదు. కానీ నిప్పును చూడ్డానికే కదా ఈ బిళ్ళ. పైగా ఆ బొట్టు వెలుగుతోంది. మధ్యాహ్నందాకా మరి రెండుసార్లు ఆ మూలకు వెళ్ళాడు. మోటారు కోసం కాదు, బొట్టు చూసుకోవడం కోసం. వెళ్ళిన ప్రతిసారీ అది ఇంకా తెల్లబడింది.

భోజనాలవేళ కిషోర్ బాబు బండి దిగి గట్టెక్కాడు. నీళ్ళు చూశాడు, మేత చూశాడు. మూలకు వచ్చి నిలబడిపోయాడు.

"ఏంది పోలయ్యా, ఈ మోటారు గొంతు మారింది?"

చిన్నపోలయ్య ఫోను ముందుకు చాపి, నీలంగా ఉందని చూపించాడు. కిషోర్ బాబు చూశాడు కానీ ముఖం విప్పారలేదు. ఫోనుదేముంది, చెయ్యి వేసి చూద్దామని చొక్కా చేతులు పైకి మడుస్తూ ముందుకు వంగాడు. యజమాని చెయ్యి వేస్తే, మరి నువ్వెందుకు వెయ్యలేదంటాడు. ఇన్నాళ్ళూ చిన్నపోలయ్య ఎవరికీ ఆ అనుమానం రాకుండా నెట్టుకొచ్చాడు. ఆయన చెయ్యి ఆనకముందే తాను అడ్డంపడి, కుడి అరచెయ్యి మోటారు మీద పరిచినట్టు ఆనించాడు. పెదాలు కదిపాడు. ఒకటి. రెండు. మూడు. ఇంకో రెండు అంకెలు ఎక్కువే లెక్కపెట్టి, యజమాని ముఖంలోకి చూసి నవ్వాడు.

"సల్లంగా ఉండాది బాబూ."

కిషోర్ బాబు నవ్వలేదు. ఆయన చూపు చేతిమీద ఉంది. ఆదిశేషమ్మ తట్ట వదిలేసి పరుగెత్తుకొచ్చి, అతని మోచెయ్యి పట్టుకుని వెనక్కి గుంజింది. అప్పుడు వచ్చింది వాసన. కొత్త రంగుది కాదు, మాడిన తోలుది. చిన్నపోలయ్య ఇద్దరి ముఖాలూ చూసి, వాళ్ళు చూస్తున్నవైపు తానూ చూశాడు. వెండిరంగు మీద అరచేతి తోలు అతుక్కుని ఉంది. అది తనదని అర్థం కావడానికి అతను చెయ్యి తిప్పి చూసుకోవలసి వచ్చింది.

కిషోర్ బాబు వెళ్ళి స్విచ్చి కట్టేశాడు. పక్కనున్న మోటారు వేశాడు. చక్రాలు మళ్ళీ నీళ్ళు కొట్టడం మొదలుపెట్టాక తిరిగొచ్చి, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని అడిగాడు. కోపం లేదు. కోప్పడితే బాగుండునని చిన్నపోలయ్యకు అనిపించింది.

"ఈ చెయ్యి ఒక్కటే బాబూ," అన్నాడు. "ఎడంచెయ్యి బాగానే ఉండాది. దాంతో చేసుకుంటా."

ఆదిశేషమ్మ తన కొంగు చింపి, తడిపి, కుడిచేతికి చుడుతోంది. కిషోర్ బాబు వాళ్ళ నాన్నకు కూడా షుగరే. డాక్టరు ఆయన కాళ్ళనూ చేతులనూ ఎలా పరీక్షించాడో దగ్గరుండి చూసినవాడు. చిన్నపోలయ్యను అక్కడే గట్టుమీద కూర్చోమని, ఎడంచెయ్యి చాపమన్నాడు.

"కళ్ళు మూసుకో పోలయ్యా. ఇప్పుడు ఏ వేలు పట్టుకోని ఉండామో చెప్పు."

చిన్నపోలయ్య కళ్ళు మూసుకున్నాడు. చక్రాల చప్పుడు వినపడుతోంది. ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఎంత శ్రద్ధ పెట్టినా చేతినుంచి కబురు లేదు. ఈ ఒక్కమాట సరిగ్గా చెబితే చాలు, గట్టు దక్కుతుంది. మనిషన్నవాడు ఏ వేలు పట్టుకుంటాడు? బొటనవేలు అందరూ చెబుతారు. మధ్యవేలు మరీ సులువు. చివరిదై ఉంటుంది.

"చిటికెనవేలు బాబూ."

కళ్ళు తెరిచాడు. కిషోర్ బాబు చేతులు కట్టుకుని దూరంగా నిలబడి ఉన్నాడు. చిన్నపోలయ్య ఎడంచెయ్యి మొత్తం ఆదిశేషమ్మ రెండు చేతుల మధ్యన ఉంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆమె వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. ఎప్పటినుంచి పట్టుకుందో మరి. అంకాలమ్మ పోయాక అతని చెయ్యి పట్టుకున్న మనిషి లేదు. ఇన్నాళ్ళకు ఒకరు పట్టుకుంటే, అది కళ్ళతో చూస్తే తప్ప తెలియలేదు. అప్పుడు అతనికి ఏడుపు వచ్చింది. కాలిన చేతికి రాని ఏడుపు.

కిషోర్ బాబు అతని పక్కన కూర్చుని ఫోనును అటూ ఇటూ తిప్పి చూశాడు. అప్పుడు చెప్పాడు. మెరిసే వస్తువు వేడిని ఇది సరిగ్గా చూడలేదట. అద్దంలాగా ఎదురుగా ఉన్న ఆకాశం చల్లదనాన్నే చూపిస్తుందట. అమ్మినవాడు అప్పుడే చెప్పాడు, అలాంటివాటికి నల్ల టేపు ముక్క అంటించి, ఆ ముక్కను చూసుకోమని. రంగు వేయించేటప్పుడు ఆ మాట గుర్తుకే రాలేదు.

"తప్పు నాది పోలయ్యా. మెరుపు లేని ఆ బొట్టు ఒకటే నీకు నిజం చెప్పింది."

చిన్నపోలయ్య మోటారువంక చూశాడు. వంకరబొట్టు మామూలు కళ్ళకు మామూలుగానే ఉంది. అమ్మ తనను మెచ్చుకుందనుకున్నాడు. ఆమె పొద్దుటినుంచి అరుస్తూ ఉందన్నమాట.

తప్పు తనదని ఒప్పుకున్నాక కిషోర్ బాబు చెయ్యవలసినవన్నీ చేశాడు. నెల్లూరు ఆసుపత్రిలో తెలిసినవాళ్ళకు ఫోను చేశాడు. ఊళ్ళోంచి ఆటో పిలిపించాడు. డ్రైవరుతో, దగ్గరుండి చేర్పించమని గట్టిగా చెప్పాడు. ముందు చెయ్యి నయం కానీ, తరువాత చూద్దామన్నాడు. అని, ఆదిశేషమ్మవైపు తిరిగి, గుడిసెలో అతని గుడ్డలూ దుప్పటీ మూటకట్టమన్నాడు. చెయ్యి చూపించుకుని వచ్చేవాడికి దుప్పటి ఎందుకో చిన్నపోలయ్య అడగలేదు. పడవవాళ్ళు కూడా మంచివాళ్ళే. వీళ్ళు నయం, మెలకువగా ఉండగానే పంపుతున్నారు.

ఎడంచేత్తో, వేళ్ళవంక చూసుకుంటూ, ఫోనునుంచి ఆ నల్లబిళ్ళను ఊడబీకి కిషోర్ బాబుకు ఇచ్చాడు. ఆయన వద్దనబోయి, ఊరుకుని, జేబులో వేసుకున్నాడు.

"మబ్బుండాది బాబూ," అన్నాడు చిన్నపోలయ్య. "ఈ పొద్దు మోటార్లు ఆపబాకండి."

గట్టు దిగేచోట నేల తడిగా, జారుడుగా ఉంది. ఆదిశేషమ్మ మూట పట్టుకుని ముందు దిగింది. చిన్నపోలయ్య కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని, కిందికి చూడకుండా, చివరిగుంట మీద వాలుతున్న కొంగలవైపు చూస్తూ దిగాడు. ఆటోలో కూర్చున్నాక ఆమె మూట అతని ఒళ్ళో పెట్టింది. వచ్చేవారం చూడ్డానికి వస్తానంది. అతను తల ఊపాడు. బండి గుంటల మధ్య మట్టిదారిలో ఊగుకుంటూ పోయి, తుమ్మల దగ్గర మలుపు తిరిగింది.

కిషోర్ బాబు గట్టుమీద ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. రేపటికల్లా ఒక మనిషి కావాలంటున్నాడు. మేతవేళ దాటిపోతోందని ఆదిశేషమ్మ తట్ట కోసం వెనక్కి వస్తూ, గట్టు వాలులో ఆగింది. అది ఆమె కంటపడేసరికి ఆటో చప్పుడు కూడా వినపడటం లేదు. బంకమట్టి పట్టుకున్నచోట చిన్నపోలయ్య కాలు చెప్పులోంచి బయటికి వచ్చేసింది కానీ ఆ సంగతి కాలికి తెలియలేదు. నీలం పట్టీల రబ్బరు చెప్పు ఒక్కటి, మడమ దగ్గర అరిగి పలచబడింది, సగం బురదలో దిగబడి, దారివైపు తిరిగి ఉంది.